రొబ్బర్‌స్టాడ్ పుస్తకంతో గడిచిన శీతకాలాలు

పోయిన నెలలో నార్వే నుంచి నా పేరిట ఒక పార్సిల్ వచ్చింది. అట్టపెట్టె విప్పేసరికి బిర్చ్ కట్టెల పొగ వాసన ముక్కుకు తగిలింది. అది ఎవరి ఇంటి వాసనో ఉత్తరం చదవకముందే నాకు తెలిసిపోయింది. లోపల ఇంట్లోనే అట్ట వేసుకున్న పాత పుస్తకం ఒకటి, పెద్దాయన కన్నుమూశారనీ, ఈ పుస్తకం నాకు చేర్చమని ముందే చెప్పి ఉంచారనీ ఆయన కుమార్తె రాసిన చిన్న ఉత్తరం ఒకటి ఉన్నాయి. పుస్తకం పేరు గులాటింగ్స్‌లోవి. పశ్చిమ నార్వే రైతులు మధ్యయుగంలో ఏటేటా సభ కూడి, తమ తగాదాలను తామే తీర్చుకున్న గులాటింగ్ చట్టానికి, 1937లో క్నూట్ రొబ్బర్‌స్టాడ్ చేసిన అనువాదం అది.

రొబ్బర్‌స్టాడ్‌ను నేను చూడలేదు. 1899లో పుట్టిన ఆయన 1981లో పోయారు. నేను ఓస్లోలో అడుగుపెట్టింది ఆ తరువాతే. అయినా నా యౌవనంలో నేను ఎక్కువ గంటలు గడిపిన మనిషి ఎవరంటే ఆయన పేరే చెప్పాలి. 1940 నుంచి 1969 దాకా ఓస్లో విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రాచార్యుడిగా ఉండి, చట్టాల చరిత్రకూ పాత నార్వే భాషకూ ఒకే మేజా మీద చోటిచ్చిన ఆ పండితుణ్ణి నాకు పరిచయం చేసింది, ఆయన పాఠాలు విన్న ఒక విశ్రాంత జిల్లా జడ్జి. నార్వేలో వయసుతో పనిలేకుండా అందరూ అందరినీ పేరు పెట్టే పిలుస్తారు. నాకు మాత్రం నోరు రాలేదు. మనసులో ఆ జడ్జి నాకు మొదటినుంచీ పెద్దాయనే.

*

అప్పట్లో న్యాయశాస్త్ర విభాగం కార్ల్ యోహాన్ వీధిలోని పాత భవనాల్లో ఉండేది. మిగతా విభాగాలన్నీ ఊరి శివారున బ్లిండెర్న్‌కు తరలిపోయినా, లా మాత్రం రాజభవనానికీ పార్లమెంటుకూ నడుమ, ఎడ్వర్డ్ మున్క్ సూర్యోదయ చిత్రం ఉన్న సభామందిరం పక్కనే, తన స్తంభాల నీడను వదలకుండా కూర్చుంది. దాని గ్రంథాలయం డోముస్ బిబ్లియోతెకా అనే భవనంలో ఉండేది. చలికాలం పొద్దున తొమ్మిదింటికి కూడా సరిగా తెల్లవారదు, మధ్యాహ్నం మూడు దాటగానే చీకటి కమ్ముకుంటుంది. ఉన్న కాస్త పగలూ నేను ఆ చదువుల గదిలోనే ఖర్చు చేసేవాణ్ణి. తడిసిన ఉన్ని కోట్ల వాసన, వేడి నీటి గొట్టాల టకటకలు, మంచు బూట్లు తీసి లోపల నడిచేవారి మేజోళ్ల చప్పుడు, కార్డు కేటలాగు సొరుగులు లాగి మూసే శబ్దం, ఇవే మా లోకం. పన్నెండు కొట్టేసరికి అందరూ నూనె కాగితంలో చుట్టుకొచ్చిన రొట్టెముక్కలు విప్పేవారు. తియ్యగా ఉండే గోధుమరంగు జున్ను, బ్రూనోస్ట్, నాకు అలవాటయ్యేదాకా మొదటి చలికాలమంతా పట్టింది.

పాత చట్టాలు చదవాలంటే ముందు చేతికి తీసుకోవలసింది నొర్గెస్ గామ్లె లోవె, అంటే నార్వే పాత చట్టాల సంపుటాలు. మొదటి మూడింటినీ రుడోల్ఫ్ కైసెర్, పి.ఏ. మున్క్ 1846 నుంచి 1849 లోపు అచ్చు వేశారు. ఈ మున్క్ చరిత్రకారుడు, చిత్రకారుడైన ఎడ్వర్డ్‌కు పెదనాన్న. తరువాతి రెండింటి పనిని గుస్తావ్ స్టోర్మ్, ఎబ్బె హెర్ట్స్‌బెర్గ్ 1895 దాకా నడిపించారు. ఐదో సంపుటిలో హెర్ట్స్‌బెర్గ్ కూర్చిన పదకోశం లేకపోతే నాలాంటివాడు ఒక్క పేజీ కూడా దాటలేడు. ఒక పక్క ఆ బరువైన మూలం, మరో పక్క రొబ్బర్‌స్టాడ్ అనువాదం, నడుమ నా నోటుపుస్తకం పెట్టుకుని, ఆయన ఏ వాక్యాన్ని ఎలా మలుపు తిప్పారో వేలితో వెంబడిస్తూ పోవడం నా దినచర్య. ఇప్పుడు ఆ విభాగమంతా 2020లో తెరిచిన డోముస్ యురిడికా అనే కొత్త భవనంలోకి చేరింది. చూడచక్కని భవనమే, కాదనను. కానీ అందులో బూట్లు విప్పాలని ఎవరికీ అనిపించదు.

*

పెద్దాయనతో పరిచయం ఆ చదువుల గదిలోనే అయింది. ఉద్యోగ విరమణ తరువాత ఆయన వారానికి రెండు మూడు సార్లు వచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, పెదవులు కదిలిస్తూ చదువుకునేవారు. నా మేజా మీద గులాటింగ్స్‌లోవి చూసి, "కళ్లతో చదువుతున్నావా? ఇది చెవితో చదవవలసిన పుస్తకం" అన్నారు. అలా మొదలై, శీతకాలాల్లో గురువారం సాయంత్రాలు ఆయన ఇంట్లో కట్టెల పొయ్యి ముందు మా పారాయణం సాగింది. మూలం ఆయన చదివేవారు, రొబ్బర్‌స్టాడ్ వాక్యం నేను చదివేవాణ్ణి.

ఆ చట్టం మొదలే ఆశ్చర్యం. తూర్పుకు తల వంచి, మంచి పంటనూ శాంతినీ ఇమ్మని క్రీస్తును ప్రార్థించడమే మా చట్టానికి ఆరంభం, అంటుంది. ఆ పంట, శాంతి అనే జంట కోరిక క్రైస్తవం రాకముందు పాత దేవతలను అడిగినదేనని పెద్దాయన చెప్పారు. కాస్త ముందుకు పోతే బీరు కాచే నిబంధన వస్తుంది. రైతులు కనీసం మూడు కుటుంబాలు కలిసి శరదృతువులో బీరు కాయాలి, క్రిస్మస్‌కు మళ్లీ కాయాలి, దాన్ని దీవించి తాగాలి. ఎవరైనా మూడు శీతకాలాలు వరుసగా ఎగ్గొడితే అతని ఆస్తి మొత్తం పోతుంది, సగం రాజుకు, సగం బిషప్‌కు. ఆ తరువాత అతను ప్రాయశ్చిత్తం చేసుకుని ఉండవచ్చు, లేదా దేశం విడిచి పోవాలి. మొదటిసారి చదివినప్పుడు నేను పగలబడి నవ్వాను. పెద్దాయన నవ్వలేదు. విందుకు కలిసి కూర్చోనివాడు సభకూ రాడు, సభకు రానివాడు చట్టానికీ లొంగడు, రైతులు ఆ సంగతి తెలిసే రాశారు, అన్నారు. ఎలుగుబంటీ తోడేలూ అన్ని చోట్లా బహిష్కృతులే అని ప్రకటించిన వాక్యం దగ్గర మాత్రం ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

ఒక సాయంత్రం బయట మంచు ఆగకుండా కురుస్తుంటే, ఆయన పుస్తకం మూసి, ఐస్లాండ్ పాత చట్టం గ్రాగాస్‌లోని సంధి ప్రమాణాన్ని కంఠతా చెప్పారు. సంధి తప్పినవాణ్ణి తోడేలులా తరమాలి. ఎంత దూరమంటే, క్రైస్తవులు చర్చికి పోయినంత మేర, నిప్పు మండినంత మేర, బిడ్డ తల్లిని పిలిచినంత మేర, సూర్యుడు కాసి మంచు కురిసినంత మేర, వసంతకాలపు పొడుగాటి పగలు రెండు రెక్కల కింద అనుకూలపు గాలితో డేగ ఎగిరినంత మేర. ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆయన చెయ్యి తనకు తెలియకుండానే కుర్చీ చేతి మీద దరువు వేసింది. అక్షరం లేని కాలంలో చట్టం ఇలా దరువు మీద బతికిందని నాకు పుస్తకాలు ఎన్నోసార్లు చెప్పాయి, వినడం మాత్రం అదే మొదలు.

*

రొబ్బర్‌స్టాడ్ గురించి ఏదైనా కథ చెప్పమని నేను అడగని రోజు లేదు. తరగతిలో ఎలా ఉండేవారు, కోపమా శాంతమా, పరీక్షల్లో ఏం అడిగేవారు, ఇలాంటివి. పెద్దాయన ఒక్కటీ చెప్పలేదు. "మనిషి కథలు చెప్పడం మొదలుపెడితే మనిషే మిగులుతాడు, పుస్తకం పోతుంది" అని ప్రతిసారీ పేజీ తిప్పేవారు. జీవితచరిత్ర రాసేవారికి ఈ పద్ధతి నచ్చదు. నాకూ అప్పట్లో చిరాకు వేసేది. అందుకే రొబ్బర్‌స్టాడ్ జీవితాన్ని నేను పుస్తకాల మీది సంవత్సరాల నుంచే ఏరుకోవలసి వచ్చింది.

ఆ సంవత్సరాలు కూడా తక్కువేమీ చెప్పవు. మాగ్నుస్ లాగాబ్యోతె రాజు పట్టణాల కోసం 1276లో చేసిన చట్టానికి రొబ్బర్‌స్టాడ్ అనువాదం 1923లో వచ్చింది. అప్పటికి ఆయనకు పాతికేళ్లు నిండలేదు. దానికి ముందే అబ్సలోన్ తారాంగెర్, నార్వే చట్టాల చరిత్రను మొదటినుంచి చివరిదాకా పాఠ్యగ్రంథంగా కూర్చిన పాత తరం ఆచార్యుడు, అదే రాజు 1274లో దేశమంతటికీ చేసిన లాండ్స్‌లోవ్‌ను 1915లో అనువదించి ఉన్నారు. అంటే తారాంగెర్ దేశపు చట్టాన్ని తెచ్చారు, రొబ్బర్‌స్టాడ్ పట్టణపు చట్టాన్ని తెచ్చి, పద్నాలుగేళ్ల తరువాత వాటికంటే పాతదైన గులాటింగ్ చట్టం దగ్గరికి వెళ్లారు. అందులోని నిబంధనలు లాండ్స్‌లోవ్ లాగా ఒక రాజు ఆస్థానంలో తీర్చిదిద్దినవి కావు, సభల్లో తరాల తరబడి నలిగి, ఒకదాని మీద ఒకటి పేరుకుని, కొన్నిచోట్ల ఒకదానితో ఒకటి పొసగక మిగిలినవి. దాదాపు సంపూర్ణంగా ఉన్న ఒకే ఒక్క ప్రతి, 1250 ప్రాంతపు కోడెక్స్ రాంట్సోవియానుస్, కోపెన్‌హాగన్ రాజగ్రంథాలయం చేతికి చేరింది. నాలుగు వందల ఏళ్లు డెన్మార్క్ రాజుల కింద ఉన్న దేశానికి తన పాత చట్టం కూడా పరాయి రాజధానిలో దొరకడం చరిత్రలో వింత కాదు.

ఆచార్య పదవి వచ్చిన 1940 సంగతి వేరే చెప్పాలి. ఆ ఏడాది ఏప్రిల్ 9న జర్మన్ సైన్యం నార్వేలో దిగింది. డిసెంబరులో, ఆక్రమణ అధికారులు న్యాయస్థానాల పనిలో తలదూర్చడాన్ని నిరసించి, సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఒక్కుమ్మడిగా రాజీనామా చేశారు. చట్టం మీద పాఠం చెప్పే ఉద్యోగానికి అంతకంటే కష్టమైన ఏడాది ఊహించలేం. 1943 నవంబరు 28న విశ్వవిద్యాలయ సభామందిరంలో మంటలు లేచాయి. రెండు రోజుల తరువాత జర్మన్లు విశ్వవిద్యాలయాన్ని చుట్టుముట్టి, వెయ్యిమందికి పైగా విద్యార్థులను పట్టుకుపోయి, దాన్ని మూసేశారు. వాళ్లలో కొన్ని వందలమందిని జర్మనీకి పంపారు. యుద్ధం ముగిసేదాకా తలుపులు తెరుచుకోలేదు. పట్టుబడినవాళ్లలో పెద్దాయన అన్న ఒకరు. ఈ సంగతి ఆయన ఒకే ఒక్కసారి, అదీ పొయ్యిలో కట్టె సర్దుతూ, చెప్పారు. సాధారణంగా లాండ్స్‌లోవ్‌ను తేలిగ్గా తీసిపారేసే ఆయన ఆ రాత్రి మాత్రం అందులోని నలుగురు అక్కచెల్లెళ్ల భాగం చదివించారు. కరుణ, సత్యం, న్యాయబుద్ధి, శాంతి అనే ఆ నలుగురినీ పిలిచి సంప్రదించాకే తీర్పు చెప్పమని ఆ చట్టం న్యాయాధికారికి బోధిస్తుంది. ఒక్కరిని బయట నిలబెట్టినా ఆ తీర్పు తీర్పు కాదని పెద్దాయన అభిప్రాయం.

*

రొబ్బర్‌స్టాడ్ రాసింది నీనొర్స్క్‌లో. నార్వేలో రెండు లిఖిత రూపాలున్నాయి. పట్టణాల్లో, కోర్టుల్లో, పత్రికల్లో ఎక్కువగా కనిపించే బూక్‌మోల్ డేనిష్ రాతలోంచి ఎదిగింది. పల్లె మాండలికాలు తిరిగి సేకరించి ఈవార్ ఓసెన్ పందొమ్మిదో శతాబ్దంలో నిలబెట్టినది రెండోది. 1885లోనే పార్లమెంటు రెంటికీ సమాన హోదా ఇచ్చింది. కానీ హోదా కాగితం మీదిది, వకీళ్ల అలవాటు వేరు. చట్టం మాట్లాడాలంటే పట్టణపు రాతే మాట్లాడాలి అనే నమ్మకం గట్టిగా ఉన్న కాలంలో, రొబ్బర్‌స్టాడ్ తన చట్ట చరిత్ర పాఠ్యగ్రంథం రెట్స్‌సోగాను కూడా, 1971లో, నీనొర్స్క్‌లోనే అచ్చు వేశారు. అదీ యువతరం అప్పటికే వదిలేస్తున్న పాత పద్ధతి రూపాలతో. పడమటి తీరపు రైతు చట్టాన్ని పడమటి తీరపు పలుకుకు దగ్గరగా ఉన్న రాతలో పెట్టకపోతే ఇంకెందులో పెడతారని పెద్దాయన వాదన. ఆయనది సోగ్న్ ప్రాంతపు రైతు కుటుంబం కాబట్టి ఈ వాదనలో స్వపక్షాభిమానం కొంత ఉందని నేను ఆటపట్టించేవాణ్ణి. మా వైపు కూడా ఇలాంటి పోరు జరిగిందని, గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం జీవితమంతా పోరాడి 1940లోనే పోయారని చెబితే, ఆయన ఆ పేరును ఒక కాగితం మీద రాసిమ్మన్నారు. ఆ కాగితం ఇప్పుడు వచ్చిన పుస్తకంలో బీరు నిబంధన పేజీ దగ్గర గుర్తుగా ఉంది. 2014లో నార్వే రాజ్యాంగానికి రెండు రూపాల్లోనూ ఆధికారిక పాఠం వచ్చినప్పుడు పెద్దాయన ఫోను చేసి ఇరవై నిమిషాలు మాట్లాడారు. అంతసేపు ఆయన ఫోనులో మాట్లాడగా నేను ఇంకెప్పుడూ వినలేదు.

ఆ సోగ్న్ పొలం కథలోనూ పాత చట్టమే ఉంది. వంశంలో వచ్చిన భూమిని అమ్మితే తిరిగి కొనుక్కునే హక్కు, వారసుల్లో ముందు ఎవరికి దక్కాలనే హక్కు, వీటిని ఉదెల్ అంటారు. గులాటింగ్ చట్టం నాటికే ఉన్న ఈ హక్కు 1814 రాజ్యాంగంలోకి ఎక్కింది, ఇంకా అమల్లో ఉంది. శతాబ్దాల పాటు అది కొడుకులకు మొగ్గింది. 1974 చట్టంతో, 1965 తరువాత పుట్టిన పిల్లల విషయంలో ఆడా మగా తేడా పోయి, పెద్దవారికే ముందు హక్కు అయింది. పెద్దాయనకు కూతురే పెద్దది, సరిగ్గా ఆ గీతకు ఇవతల పుట్టింది. పార్సిల్ మీది చిరునామా ఆ పొలానిదే.

*

గులాటింగ్ సభ కూడిన చోటికి నన్ను మొదటిసారి ఆయనే తీసుకెళ్లారు. బెర్గెన్ నుంచి పడవలో ఉత్తరంగా, నల్లని రాతి దీవుల మధ్యగా పోతే గులెన్ వస్తుంది. ఐవిండ్‌విక్ గ్రామంలో వెయ్యేళ్ల నాటి రెండు రాతి శిలువలు ఉన్నాయి. సభ ముందు అక్కడే జరిగిందని, తరువాత దగ్గరలోని ఫ్లోలి అనే పచ్చిక వాలుకు మారిందని చెబుతారు. అప్పట్లో ఆ వాలు మీద చూడడానికి గడ్డి తప్ప ఏమీ లేదు. పెద్దాయన గాలికి ఎదురుగా నిలబడి, ఏ జిల్లా ప్రతినిధులు ఏ వైపు నుంచి పడవలు కట్టి ఉంటారో చేత్తో చూపించారు. ఏ ప్రాంతం నుంచి ఎంతమంది రావాలో చట్టమే లెక్క కట్టి పెట్టింది. రానివాడికి జరిమానా కూడా ఉంది. తరువాత 1300 ప్రాంతంలో సభ బెర్గెన్‌కు తరలిపోయింది. పేరు మాత్రం పోలేదు. ఈనాటి బెర్గెన్ అప్పీలు కోర్టు పేరు గులాటింగే, ట్రోండ్‌హైమ్ కోర్టుది అలాంటి మరో పాత సభ పేరు, ఫ్రోస్టాటింగ్. తీర్పు ప్రతుల పైన ఆ పేరు కనిపించినప్పుడల్లా నాకు ఆ తడి గడ్డి గుర్తుకు వస్తుంది.

2024లో లాండ్స్‌లోవ్‌కు 750 ఏళ్లు నిండాయని నార్వే అంతటా ఉత్సవాలు జరిపారు. ఆ సందర్భంగా నేను మళ్లీ వెళ్లాను. ఫ్లోలిలో ఇప్పుడు శిల్పి బోర్డ్ బ్రైవిక్ చేసిన శిల్పాలున్నాయి, చదునైన నడకదారులున్నాయి. తొంభై దాటిన పెద్దాయన ప్రయాణం చెయ్యలేక ఇంట్లోనే ఉన్నారు. పొయ్యి దగ్గర కూర్చుని ఉత్సవాల మీద సణిగారు. రాజు చట్టానికి ఇంత వైభవం, రైతు చట్టానికి ఒక్క దీపం కూడా లేదని ఆయన బాధ. నా మటుకు నేను లాండ్స్‌లోవ్ పక్షానే ఉన్నాను. తల్లిదండ్రుల ఆస్తిలో కూతురికి కొడుకు వాటాలో సగమైనా దక్కాలని దేశమంతటికీ ఒకే నియమం పెట్టినది అదే, 1604లో డేనిష్ అనువాదంగా మారి, 1687లో కొత్త చట్టం వచ్చేదాకా నిలిచినదీ అదే. ఈ మాట ఆయనతో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

*

మా ఇద్దరి మధ్య తెగని వాదన ఇంకొకటి ఉంది, అది షెట్లాండ్ దీవుల గురించి. డెన్మార్క్, నార్వేల రాజు క్రిస్టియన్ కూతురి కట్నం సొమ్ము ఇవ్వలేక, 1468లో ఆర్క్నీనీ, 1469లో షెట్లాండ్‌నూ స్కాట్లాండ్ రాజుకు తాకట్టు పెట్టాడు. సొమ్ము ఎప్పటికీ చెల్లలేదు, దీవులు ఎప్పటికీ తిరిగి రాలేదు, కానీ అక్కడి భూమి మీద నార్వే పాత చట్టం కొంత అలాగే మిగిలింది. సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పటి నీటి అంచు దాకా ఒడ్డు రైతుదేనన్న నియమం వాటిలో ఒకటి. స్కాట్లాండ్‌లో మిగతాచోట్ల ఆ ఒడ్డు సాధారణంగా రాజరికానిది. ఈ ఉదెల్ చట్టం మీద రొబ్బర్‌స్టాడ్ రాసిన వ్యాసం, తాకట్టుకు 500 ఏళ్లయిన సందర్భాన్ని పట్టుకుని వేసిన ఒక సంపుటిలో, ఆయన పోయాక 1983లో అచ్చయింది. పెద్దాయన దాన్ని జిరాక్సు తీసి నాకిచ్చారు.

1958లో షెట్లాండ్‌లోని సెయింట్ నినియన్ దీవిలో అబర్డీన్ విశ్వవిద్యాలయం వారి తవ్వకంలో ఒక బడిపిల్లవాడికి రాతిపలక కింద వెండి పాత్రల, నగల నిధి దొరికింది. వెండితో పాటు ఒక సముద్ర జంతువు దవడ ఎముక కూడా ఉంది. అది ఎవరిది అన్న వ్యాజ్యం ఎడిన్‌బరో కోర్టుకెక్కింది. పాత నార్వే చట్టం ప్రకారమైతే దొరికినవాడికి, భూస్వామికి, రాజుకు తలా మూడో వంతు. ఆ చట్టం నిధికి వర్తించదు, మొత్తం రాజరికానిదే అని 1963లో తీర్పు వచ్చింది. తీర్పు తప్పని పెద్దాయన. భూమి హక్కు వేరు, రాజు ప్రత్యేకాధికారం వేరు, తాకట్టు పట్టిన రాజుకు రెండోది వెంట వచ్చినట్టేనని నేను. పుస్తకంలో నిధి మాట వచ్చిన చోట అంచున ఆయన పెన్సిల్‌తో నా పేరు రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంచారు. నిధి ఇప్పుడు ఎడిన్‌బరో మ్యూజియంలో ఉంది, షెట్లాండ్‌లోని లెర్విక్‌లో ఉన్నవి నకళ్లు. వచ్చే వేసవిలో రెండూ చూసి, నా జవాబు వివరంగా రాసి ఆయన కూతురికి పంపుతాను. ఆమె కూడా లా చదివిందే, తండ్రి పక్షం వదలదని నాకు తెలుసు.